ప్రతిభ ఎవరి ఆస్తి? - లాక్రోస్ ఆటగాళ్ళ ఎంపికలో క్లబ్బులు, ప్రైవేటు బడులు

ఈ మధ్య ఒక కథల పోటీకి వచ్చిన రాతప్రతులు చదివే పని నా మీద పడింది. వాటిలో ఒక కథ అమెరికాలో స్థిరపడిన తెలుగు కుటుంబానిది. ఆ ఇంటి కుర్రవాడు లాక్రోస్ అనే ఆటలో రాణించి, ఆ ఆట బలంతో పేరున్న విశ్వవిద్యాలయంలో సీటు సంపాదిస్తాడు. కష్టపడితే అందనిదంటూ లేదని తండ్రి అనడంతో కథ ముగుస్తుంది. శిల్పానికి వంక పెట్టవలసిందేమీ లేదు. భాష కూడా బాగుంది. అయినా చదవడం పూర్తయ్యాక నాకొక అసంతృప్తి మిగిలింది. ఆ కుర్రవాడికి కర్ర ఎవరు కొనిచ్చారు? ఏ మైదానంలో ఆడాడు? అతన్ని ఎవరు చూశారు, ఎందుకు ఎంచుకున్నారు? ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ కథలో జవాబు లేదు. ఉన్నదల్లా ప్రతిభ, పట్టుదల.

సాహిత్య విమర్శ పత్రికలో ఆటల వ్యాసమేమిటని పాఠకులు అడగవచ్చు. ప్రతిభ అనే మాట మన శాస్త్రంలోదే. కావ్యానికి ప్రతిభ, వ్యుత్పత్తి, అభ్యాసం కారణాలని ఆలంకారికులు చెప్పారు. ఆ మూడూ విడివిడిగా కాదు, కలిసి ఒకే హేతువవుతాయన్నాడు మమ్మటుడు. చదువుకునే రోజుల్లో దీన్ని పరీక్షకోసం వల్లించాం తప్ప, వ్యుత్పత్తికీ అభ్యాసానికీ ఎంత ఖర్చవుతుంది, ఆ ఖర్చు ఎవరు భరిస్తారు అని అడగలేదు. మూడూ కలిసి ఒక్కటిగా కనిపించడంలోనే అసలు చిక్కు ఉంది. కొనుక్కున్న అభ్యాసం కూడా పుట్టుకతో వచ్చిన ప్రతిభలాగే కనిపిస్తుంది. ఈ సంగతిని లాక్రోస్ ఎంపిక విధానం చూపినంత స్పష్టంగా చూపే ఉదాహరణ నాకు మరొకటి కనబడలేదు. అందుకే ఈ వ్యాసం.

ఆట పుట్టుక, అపహరణ

చివర చిన్న వల ఉన్న కర్రతో రబ్బరు బంతిని పట్టి, మోసుకుపోయి, విసిరి, ఎదుటివాళ్ళ గోలులో వేసే ఆట లాక్రోస్. పురుషుల మైదానపు ఆటలో జట్టుకు పదిమంది ఉంటారు. ఈ ఆట ఉత్తర అమెరికా ఆదిమ జాతులది. ముఖ్యంగా హోడెనొషోనీ అని తమను తాము పిలుచుకునే ఆరు జాతుల సమాఖ్యకు ఇది వినోదం మాత్రమే కాదు. సృష్టికర్తకు ప్రీతికరమైన ఆట, రోగికి స్వస్థత చేకూర్చే ఆట. ఊళ్ళకు ఊళ్ళే దిగి ఆడిన సందర్భాలున్నాయి. లాక్రోస్ అనే పేరు మాత్రం ఫ్రెంచివాళ్ళు పెట్టింది.

మాంట్రియల్ నగరంలో విలియం జార్జ్ బీర్స్ అనే దంతవైద్యుడు 1867లో ఈ ఆటకు నియమావళి ఏర్పరిచాడు. ఎంతమంది ఆడాలో, మైదానం ఎంత ఉండాలో కాగితం మీదికెక్కింది. ఆ తర్వాత పదమూడేళ్ళకే, 1880లో, కెనడా లాక్రోస్ సంఘం పోటీలను ఔత్సాహికులకే పరిమితం చేసి, ఆదిమ జాతుల ఆటగాళ్ళను వృత్తి ఆటగాళ్ళనే నెపంతో బయటికి నెట్టింది. ప్రయాణపు ఖర్చులకు డబ్బు తీసుకున్నవాడు వృత్తి ఆటగాడయ్యాడు. ఇంట్లో ఆస్తి ఉండి, డబ్బు అవసరం లేకుండా ఆడగలిగినవాడు ఔత్సాహికుడయ్యాడు. ఔత్సాహికత అనే పవిత్రమైన మాట వెనుక వర్గ స్వభావం ఎంత నగ్నంగా ఉందో గమనించండి. ఆటను కనిపెట్టినవాడికే ఆ ఆటలో చోటు లేకుండా పోయింది.

ఆ జాతుల సొంత జట్టు ప్రపంచ పోటీలో అడుగుపెట్టడానికి 1990 దాకా, పెర్త్ నగరంలో జరిగిన పోటీల దాకా, ఆగవలసివచ్చింది. 2010లో మాంచెస్టర్ పోటీలకు తమ సమాఖ్య జారీచేసిన పాస్‌పోర్టులతో బయలుదేరితే బ్రిటిష్ ప్రభుత్వం రానివ్వలేదు. ఆ ఏడు వాళ్ళు ఆడలేదు. 2028 లాస్ ఏంజిల్స్ ఒలింపిక్స్‌లో లాక్రోస్‌ను చేర్చాలన్న నిర్ణయం 2023 అక్టోబరులో మన ముంబయిలో జరిగిన అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ సమావేశంలోనే జరిగింది. క్రికెట్‌కు కూడా అదే రోజు చోటు దొరికింది కనుక మన పత్రికలు క్రికెట్‌ను గురించి రాసి ఊరుకున్నాయి. తమ ఆట ఒలింపిక్స్‌కు వెళుతుంటే, జాతీయ ఒలింపిక్ కమిటీ లేదన్న కారణం ఆ జాతుల దారికి అడ్డం వచ్చిన సంగతి మన పాఠకులకు చేరలేదు.

మైదానమే సంత

ఇక అసలు విషయానికి వస్తాను. అమెరికాలో ఉన్నత విద్యా సంస్థలు తమ జట్లకు ఆటగాళ్ళను హైస్కూలు వయసులోనే ఎంచుకుంటాయి. ఎంపిక చేసేది ఆ కళాశాల శిక్షకుడు. అతనికి నచ్చితే ప్రవేశాల కార్యాలయానికి సిఫారసు వెళుతుంది. మరి అతను పిల్లల ఆట ఎక్కడ చూస్తాడు? బడి జట్ల పోటీల్లో చూస్తాడని ఎవరైనా అనుకుంటారు. అక్కడే ఉంది మెలిక. లాక్రోస్ వసంతకాలపు ఆట. బడి పోటీలూ కళాశాల పోటీలూ ఒకే నెలల్లో జరుగుతాయి. బడి పిల్లవాడు ఆడుతున్న వేళ కళాశాల శిక్షకుడు తన జట్టుతో తలమునకలై ఉంటాడు. అతనికి తీరిక దొరికేది వేసవిలో. అప్పటికి బడులు మూసేస్తారు.

ఈ ఖాళీలోనే క్లబ్బులు పుట్టాయి. క్లబ్బు అంటే బడితో సంబంధం లేని ప్రైవేటు జట్టు. పిల్లలకు పరీక్ష పెట్టి, మొదటి జట్టు, రెండో జట్టు అని విడదీసి, రుసుము తీసుకుని, వేసవిలోనూ శరదృతువులోనూ పెద్ద పెద్ద పోటీలకు తీసుకువెళుతుంది. ఒకే ఆవరణలో పదుల మైదానాలు, రెండు మూడు రోజుల్లో వందల ఆటలు. గట్టున మడత కుర్చీల్లో కళాశాలల శిక్షకులు. వాళ్ళ చేతుల్లో ఆటగాడి చొక్కా అంకె, బడి, తరగతి అచ్చువేసిన జాబితా. వంద ఊళ్ళు తిరిగే బదులు ఒక్క చోట కూర్చుని వేలమందిని చూడవచ్చు. శిక్షకుడి దృష్టిలో ఇది సుఖమైన పద్ధతి, పొదుపైన పద్ధతి. అతన్ని తప్పు పట్టలేం. కానీ అతనికి మిగిలిన ఖర్చు ఎవరి నెత్తిన పడింది? తల్లిదండ్రుల నెత్తిన పడింది. క్లబ్బు రుసుము, విమానం లేదా కారు ప్రయాణం, హోటలు గది, కర్ర, శిరస్త్రాణం, చేతి తొడుగులు, భుజాల కవచాలు అన్నీ కలిపితే ఏడాదికి వేల డాలర్లవుతుంది. ఈ ఖర్చు తొమ్మిది పదేళ్ళ వయసులోనే మొదలవుతుంది. ఆ ఖర్చు పెట్టలేని ఇంటి పిల్లవాడు ఎంత బాగా ఆడినా, చూసే కన్ను ఉన్న చోట అతను లేడు. ఓడిపోయాడని కూడా చెప్పలేం. అసలు లెక్కలోకే రాలేదు.

క్లబ్బు మరో పని కూడా చేస్తుంది. అక్కడి శిక్షకుల్లో చాలామంది ఒకప్పుడు కళాశాల జట్లలో ఆడినవాళ్ళు. పాత స్నేహంతో ఫలానా కుర్రవాణ్ణి ఒకసారి చూడమని ఫోనులో చెప్పగలరు. రుసుములో ఈ పరిచయం వెల కూడా కలిసి ఉంటుంది.

ఈ సంత ఎంత దూరం వెళ్ళిందంటే, ఒక దశలో ఎనిమిదో తరగతి, తొమ్మిదో తరగతి పిల్లలు ఫలానా విశ్వవిద్యాలయానికి ఆడతామని మాట ఇచ్చేవాళ్ళు. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలు! గొంతు ఇంకా మారని పిల్లవాడి భవిష్యత్తుకు బయానా ఇచ్చి ఉంచుకోవడమన్నమాట. చివరికి శిక్షకుల సంఘాలకే వెగటు పుట్టింది. వాళ్ళు కోరగా, జాతీయ కళాశాల క్రీడల సంఘం 2017 ఏప్రిల్‌లో కొత్త నియమం చేసింది. పదకొండో తరగతి సెప్టెంబరు 1 కంటే ముందు కళాశాల శిక్షకులు పిల్లలతో ఈ సంప్రదింపులు జరపకూడదు. ఇది మంచి సంస్కరణే. అయితే మాట్లాడడాన్ని ఆపింది గాని చూడడాన్ని ఆపలేదు. ఆ సెప్టెంబరు నాటికి జాబితా సిద్ధంగా ఉండాలంటే అంతకు ముందు వేసవుల్లో కనబడక తప్పదు. సంత తేదీ మారింది, సంత మిగిలింది.

ప్రైవేటు బడి చేసే పని

బాల్టిమోర్ నగరం, దాని శివార్లు ఈ ఆటకు పాత కోటలు. జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయంలో 1883లోనే జట్టు ఉంది. చుట్టూ గిల్మన్, బాయ్స్ లాటిన్, సెయింట్ పాల్స్, మెక్‌డొనో వంటి ప్రైవేటు బడులున్నాయి. ఫిలడెల్ఫియా పరిసరాల్లోనూ, న్యూ ఇంగ్లండ్ వసతి పాఠశాలల్లోనూ ఇదే సంప్రదాయం. బాల్టిమోర్‌లో పగటి బడి రుసుమే ఏడాదికి ముప్పై వేల డాలర్లు దాటుతుంది. వసతి పాఠశాలల్లో అది డెబ్బై వేలు దాటినవీ ఉన్నాయి.

ఈ బడులు ఆటకు ఏమిస్తాయి? పచ్చని మైదానం, నలుగురైదుగురు శిక్షకులు, వ్యాయామశాల ఇస్తాయి. ఇవి కంటికి కనబడేవి. కనబడనిది మరొకటుంది, అది కాలం. బడి మారేటప్పుడు ఒక తరగతిని మళ్ళీ చదివించే ఆచారం ఉంది. పన్నెండో తరగతి అయ్యాక వసతి పాఠశాలలో ఇంకో సంవత్సరం ఉంచే ఏర్పాటూ ఉంది. ఎదిగే వయసులో ఒక ఏడాదంటే కొన్ని అంగుళాల ఎత్తు, కొన్ని కిలోల బలం. పదహారేళ్ళవాడు పదిహేనేళ్ళవాడితో తలపడి గెలిస్తే చూసేవాళ్ళకు కనిపించేది ప్రతిభే. మన ఊళ్ళలో ఒక తరగతి రెండుసార్లు చదవడం తప్పిపోయినవాడి అవమానం. అక్కడ అది ఉన్నవాడి పెట్టుబడి!

చదువు సంగతి కూడా ఉంది. హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ వంటి ఎనిమిది విశ్వవిద్యాలయాల కూటమి ఐవీ లీగ్. అక్కడ ఆటగాడికైనా చదువులో ఒక స్థాయి ఉండాలన్న లెక్క ఉంది. ఆ స్థాయికి చేర్చే చిన్న తరగతులు, పరీక్షల తర్ఫీదు, కళాశాలలతో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపే సలహాదారు ప్రైవేటు బడిలోనే దొరుకుతాయి. క్లబ్బు పిల్లవాణ్ణి చూపిస్తుంది, బడి అతన్ని ఆమోదయోగ్యం చేస్తుంది. ఈ రెండు చక్రాలూ కలిస్తేనే బండి కదులుతుంది.

డబ్బు దేనికోసం?

ఇంత ఖర్చూ స్కాలర్‌షిప్ కోసమేనని అందరూ అనుకుంటారు. నేను చదివిన కథలోని తండ్రీ అలాగే అంటాడు. లెక్క వేసి చూద్దాం. చాలా ఏళ్ళపాటు పై శ్రేణి పురుషుల జట్టుకు అనుమతించిన స్కాలర్‌షిప్పులు మొత్తం 12.6. జట్టులో ఉండేది నలభై, యాభై మంది. అంటే ఒక్కొక్కరికి సగటున పావు వంతు, అంతే. 2025 జూన్‌లో న్యాయస్థానం ఆమోదించిన ఒప్పందంతో, అందులో చేరిన సంస్థలకు ఈ పరిమితి పోయి, జట్టు సంఖ్యకు పరిమితి వచ్చింది. కానీ ఐవీ లీగ్ క్రీడా స్కాలర్‌షిప్పులు ఇవ్వదు. విలియమ్స్, ఆమ్హర్స్ట్, మిడిల్‌బరీ వంటి చిన్న కళాశాలలూ ఇవ్వవు. అయినా ఆ సంస్థల కోసమే తల్లిదండ్రులు ఎగబడతారు. ఎందుకు?

వాళ్ళు కొనేది స్కాలర్‌షిప్ కాదు, ద్వారం. హార్వర్డ్ ప్రవేశాల మీద నడిచిన వ్యాజ్యంలో బయటపడిన లెక్కలను ఆర్థికవేత్తలు విశ్లేషించి 2019లో ప్రకటించారు. శిక్షకులు ఎంచుకున్న క్రీడాకారుల్లో 86 శాతం మందికి ప్రవేశం దొరికింది. మామూలు దరఖాస్తుదారుల్లో నూటికి పదిమందికి కూడా దొరకలేదు. ప్రవేశం పొందిన తెల్లజాతి విద్యార్థుల్లో 43 శాతానికి పైగా క్రీడాకారులో, పూర్వ విద్యార్థుల సంతానమో, అధ్యాపకుల సంతానమో, లేక పెద్దల ప్రత్యేక జాబితాలో ఉన్నవాళ్ళో అయి ఉన్నారు. ఆ ఏడే, 2019 మార్చిలో, లంచాలిచ్చి తమ పిల్లలను క్రీడాకారులుగా చూపించిన తల్లిదండ్రుల కుంభకోణం బయటపడి దేశమంతా గగ్గోలెత్తింది. పడవ ఎక్కనివాణ్ణి పడవ పోటీల వీరుడిగా చూపడం నేరమే. పదేళ్ళపాటు డబ్బు పోసి నిజంగానే వీరుణ్ణి తయారుచేయడం మాత్రం చట్టబద్ధం. మొదటిదానికి శిక్ష పడింది, రెండోదానికి చప్పట్లు పడ్డాయి. రెండూ ఒకటేనని నేననను. రెండో పిల్లవాడి చెమట నిజమైన చెమటే. కానీ చెమటోడ్చే అవకాశం కూడా అమ్మకానికి పెట్టిన సరుకైందని మరచిపోకూడదు.

మోర్గాన్ స్టేట్ కథ

మరోలా జరగడం సాధ్యమేనా? ఒకసారి జరిగింది. బాల్టిమోర్‌లోని మోర్గాన్ స్టేట్ నల్లజాతి విద్యార్థుల కోసం ఏర్పడిన విద్యాసంస్థ. 1970లో అక్కడ లాక్రోస్ జట్టు లేచింది. ఫుట్‌బాల్ ఆడేవాళ్ళూ, నగరంలోని ప్రభుత్వ పాఠశాలల్లో కర్ర పట్టినవాళ్ళూ కలిసి జట్టయ్యారు. 1975లో, అప్పటికి మేటి జట్లలో ఒకటైన వాషింగ్టన్ అండ్ లీని దాని మైదానంలోనే ఓడించారు. 1981లో ఆ జట్టు ఆగిపోయింది.

ఆ జట్టులో ఆడిన మైల్స్ హారిసన్ తర్వాత శస్త్రవైద్యుడయ్యాడు. అతని కొడుకు కైల్ హారిసన్ జాన్స్ హాప్కిన్స్‌కు ఆడి, 2005లో కళాశాల ఆటగాళ్ళకిచ్చే అత్యున్నత బహుమతి అందుకున్నాడు. ఆ బహుమతి పేరు టెవారటన్, మొహాక్ భాషలో ఈ ఆట పేరు. తండ్రి ప్రభుత్వ బడి నుంచి వచ్చాడు, కొడుకు చదివింది ప్రైవేటు బడిలో. కొడుకు ప్రతిభను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఒక్క తరంలో దారి ఎటు మళ్ళిందో చూడమంటున్నాను. ఆ బహుమతి ఆదిమ జాతుల ఆటగాడి చేతికి మొదటిసారి వచ్చింది 2014లో, ఒనొండాగాలకు చెందిన థాంప్సన్ సోదరులు లైల్, మైల్స్ కలిసి అందుకున్నప్పుడు. బహుమతికి పేరు వాళ్ళ సమాఖ్య భాష నుంచి తీసుకున్నారు. బహుమతి వాళ్ళ ఇంటికి చేరడానికి మాత్రం పదమూడేళ్ళు పట్టింది.

రెండు అభ్యంతరాలు

ఇక్కడ రెండు అభ్యంతరాలకు జవాబు చెప్పాలి. మొదటిది, క్లబ్బులు ఆటను విస్తరింపజేశాయి కదా అన్నది. నిజమే. టెక్సస్, కాలిఫోర్నియా వంటి చోట్ల బడుల్లో జట్లు లేనప్పుడు పిల్లలకు కర్ర అందించింది క్లబ్బులే. 2011లో న్యూయార్క్‌లో మొదలైన హార్లెం లాక్రోస్ వంటి సంస్థలు బీద పిల్లల బడుల్లోకి వెళ్ళి ఆట నేర్పుతున్నాయి. కొన్ని ప్రైవేటు బడులు బీద ఆటగాళ్ళకు రుసుము తగ్గిస్తాయి. ఇవన్నీ మంచి పనులే. కానీ ఒకరిద్దరికి తలుపు తెరవడం వేరు, గోడ లేకుండా చేయడం వేరు. లోపలికి వచ్చిన ఆ ఒక్కడినీ చూపించి గోడే లేదనడం మరీ వేరు.

రెండోది, ప్రభుత్వ బడుల నుంచి కూడా గొప్ప ఆటగాళ్ళు వచ్చారు కదా అన్నది. లాంగ్ ఐలాండ్‌లోని మాన్‌హాసెట్ ప్రభుత్వ బడే. ఫుట్‌బాల్ వీరుడిగా పేరొందిన జిమ్ బ్రౌన్ అక్కడే చదివి, సిరక్యూస్ తరఫున లాక్రోస్‌లోనూ అసాధారణుడనిపించుకున్నాడు. అయితే అమెరికాలో ప్రభుత్వ బడికి నిధుల్లో పెద్ద భాగం ఆ ప్రాంతపు ఇళ్ళ పన్ను నుంచి వస్తుంది. ఇళ్ళు ఖరీదైన చోట బడి కలిగిన బడి అవుతుంది. అక్కడ రుసుము ఇంటి ధరలో కలిసి ఉంటుంది. పేరు ప్రభుత్వ బడి అయినంత మాత్రాన వర్గం మాయం కాదు.

మన సంగతి

ఇదంతా చదువుతుంటే మీకు మన ప్రవేశ పరీక్షల శిక్షణాలయాలు గుర్తుకు వచ్చి ఉంటాయి. ఆరో తరగతి నుంచే మొదలయ్యే తర్ఫీదు, విడదీసిన సెక్షన్లు, గోడల మీద ర్యాంకుల ఫొటోలు. ఆ పోలికను ఇంతకంటే సాగదీయను. నేను చెప్పదలచింది మనకు ఇంకా దగ్గరి విషయం.

మా జిల్లా పరిషత్ హైస్కూలు నుంచి ఏటా వ్యాసరచన పోటీకి ఇద్దరు పిల్లలను పంపాలి. ఎంపిక నాది. ఇన్నేళ్ళలో నేను పంపిన పిల్లల పేర్లు ఈ మధ్య ఒక కాగితం మీద రాసుకుని చూశాను. దాదాపు అందరూ ఇంట్లో పత్రికో నాలుగు పుస్తకాలో ఉన్నవాళ్ళు. నేను వాళ్ళను కులం చూసి ఎంచలేదు, డబ్బు చూసి ఎంచలేదు. వాక్యం చూసి ఎంచాను. ఆ వాక్యం ఎక్కడినుంచి వచ్చిందో అడగలేదు. సాయంత్రం గొడ్లను తోలుకొచ్చే పిల్లవాడి నోట్లో ఉన్న వాక్యం కాగితం మీదికి రాలేదు కనుక నాకు కనబడలేదు. మైదానం గట్టున మడత కుర్చీలో కూర్చున్న శిక్షకుడికీ నాకూ తేడా ఏముంది?

సంపాదకులుగా, పోటీల న్యాయనిర్ణేతలుగా, సంకలనకర్తలుగా మనమూ ఆ కుర్చీల్లో కూర్చుంటున్నాం. మన కార్యశాలలకు రాగలిగినవాళ్ళనే చూస్తున్నాం. మనకు తెలిసినవాళ్ళు చెప్పినవాళ్ళనే చదువుతున్నాం. ఆ తర్వాత ఈ తరంలో ప్రతిభ తగ్గిపోయిందని వాపోతున్నాం. అభ్యుదయ రచయితలం మన ఎంపికల వర్గ స్వభావాన్ని పరీక్షించుకోకుండా ఇతరుల ఎంపికలను విమర్శించే హక్కు మనకెక్కడిది?

ఆ కథకుడికి నేను ఉత్తరం రాశాను. కథను చింపెయ్యమని అనలేదు. తండ్రి మాటను తీసెయ్యమనీ అనలేదు. ఆ తండ్రి నిజంగానే అలా నమ్మి ఉండవచ్చు, నమ్మకం కూడా వాస్తవమే. కథలో ఇంకొక కుర్రవాణ్ణి పెట్టమని అడిగాను. మొదటి జట్టుకు సరిపడా ఆడగలిగి, రుసుము కట్టే తేదీ దాటిపోయినందువల్ల ఆ వేసవి ఇంట్లో ఉండిపోయిన కుర్రవాణ్ణి. వాడు గోడకు బంతి విసిరి పట్టుకుంటూ ఉండగా కారు అతని ఇంటి ముందునుంచి పోటీలకు వెళ్ళాలి. నాయకుడు కారు అద్దంలోంచి అతన్ని చూడాలి. చూసి ఏమనుకున్నాడో రచయిత రాయాలి. అది రాయగలిగితే తండ్రి మాట పక్కన నిలబడగల రెండో మాట ఆ కథలోకి వస్తుంది.

జవాబు ఇంకా రాలేదు. ఈలోగా ఈ ఏటి వ్యాసరచన పోటీకి పిల్లలను ఎంచే రోజు దగ్గరపడింది. ఈసారి కాగితాలు తీసుకునే ముందు తరగతిలో ప్రతి పిల్లవాడిచేతా ఒక సంగతి నోటితో చెప్పించుకుని వినాలని అనుకుంటున్నాను.